కోత మిషన్ ఆగిపోతే వచ్చేదెవరు?

కె.గంగవరం వైపు నుంచి పొద్దున్నే రామచంద్రపురం బస్సెక్కే కుర్రాళ్లని, కోటిపల్లి రేవులో పంటు దాటి అమలాపురం వెళ్లే అమ్మాయిల్ని ‘చదువయ్యాక ఏం చేస్తారు?’ అని అడిగి చూడండి. జవాబులు మీకూ తెలిసినవే. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, గ్రూప్స్, పోలీసు. ఏదీ కుదరకపోతే కువైట్. ‘ట్రాక్టర్ షోరూం సర్వీసులో చేరతాను’ అనేవాళ్లు కనపడరు. ఒకరిద్దరున్నా పైకి చెప్పరు. బీటెక్ చదివించింది బోల్టులు బిగించడానికా అని ఇంట్లో అంటారని భయం.

ఈ వ్యాసం ఆ ఉద్యోగం గురించే. ముందే ఒక మాట చెప్పేస్తాను. ‘పోటీ తక్కువ, జీతం ఎక్కువ’ అని ఊరించడానికి రాస్తున్నది కాదిది. మొదటి రెండు మూడేళ్ల జీతం చూస్తే మీ ఇంట్లోవాళ్ల అనుమానం నిజమేననిపిస్తుంది. నేను చెప్పదలచుకున్నది వేరు. మన వైపు యంత్రాలు కొనడం పెరిగినంతగా, వాటిని చూసి జబ్బేంటో చెప్పగలిగే మనుషులు పెరగలేదు. ఆ ఖాళీలో మీకు చోటుంది. కానీ ఎలాంటి వర్క్‌షాపులోకి వెళ్తున్నారో, అక్కడ మీ చేత ఏ కాగితం మీద సంతకం పెట్టిస్తారో తెలుసుకుని మరీ వెళ్లాలి.

ఏప్రిల్ నెల తీసుకోండి. దాళ్వా కోతలు. చుట్టుపక్కల చేలన్నీ ఇంచుమించు ఒకే వారంలో పండుతాయి. ఎకరాలకెకరాలు కొడవలితో కోసే రోజులు పోయాయి. రబ్బరు చైన్ల మీద నడిచే కోత మిషన్ గంటల లెక్కన అద్దెకొస్తుంది, దానికోసం రైతులు వరసలో పేరు రాయించుకుంటారు. అలాంటి మిషన్ ఒకటి నాలుగో చేలో ఆగిపోయిందనుకోండి. ఇంజిన్ తిరుగుతూనే ఉంది, ముందున్న కట్టర్ మాత్రం పైకి లేవడం లేదు. డ్రైవర్ దిగి రెండు పైపులు తట్టి చూసి ఫోన్ తీస్తాడు. షోరూంలో మెకానిక్కులు ముగ్గురు. ఒకరు ఎక్కడో ఇంకో మిషన్ కింద పడుకుని ఉన్నారు. ఒకరు సెలవు. మూడో అబ్బాయి చేరి ఆరు నెలలైంది, హైడ్రాలిక్స్ ఇంకా నేర్పలేదు. ‘ఆయ్, బయల్దేరిపోయామండి’ అంటారు. ఎవరూ బయల్దేరరు. సాయంత్రం వరకూ అదే మాట.

ఇది దాళ్వా. సార్వా అయితే ఇంకా కష్టం, ఎందుకంటే కోతలూ తుపాన్లూ ఒకేసారి వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం సమీపంలో దాటింది. ఆ రోజుల్లో చేను కోసేసి ధాన్యం ఇంటికి చేర్చుకున్న రైతుకీ, మిషన్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయిన రైతుకీ మధ్య తేడా కొన్ని గంటలే. చేను పడిపోతే గింజ మొలకెత్తుతుంది. నిలబడ్డా తడిసిన ధాన్యం తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో అడ్డు చెబుతారు. షోరూంలో ‘సర్వీస్ ఆలస్యం’ అనే రెండు మాటలకి చేలో అర్థం ఇదీ.

మరి మెకానిక్కులు లేరా? ఉన్నారు, గొప్పవాళ్లే ఉన్నారు. ఇంజిన్ చప్పుడు విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పే మేస్త్రీలు మన ఊళ్లలో ఇప్పటికీ కనపడతారు. కాలేజీ చదువు లేకుండా, పదేళ్ల వయసులో షెడ్డులో చేరి, తిట్లు తింటూ నేర్చుకున్న విద్య వాళ్లది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. అయితే వాళ్లు నేర్చుకున్న యంత్రం మారిపోయింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్లకు బీఎస్-6 వచ్చింది. డీజిల్ బండ్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు చేరింది, దాన్ని కాల్చి శుభ్రం చేసుకునే పద్ధతి వచ్చింది, పొగ సంగతి కనిపెట్టే సెన్సర్లు వచ్చాయి. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు ట్రెమ్ స్టేజ్-4 ప్రమాణాలు వచ్చాయి. దాంతో వాటిలోకీ కామన్ రైల్ ఇంజెక్షనూ, దాన్ని నడిపే ఈసీయూ అనే చిన్న కంప్యూటరూ దిగాయి. ఇప్పుడు చెవి ఒక్కటే చాలదు. స్కానర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ కోడ్ చెప్పేది నిజమా, లేక వైరు తుప్పు పట్టడం వల్ల వచ్చిందా తేల్చుకోవాలి. మన కోనసీమ తేమలో, రొయ్యల చెరువుల ఉప్పు గాలిలో ఈ రెండోదే చాలాసార్లు నిజమవుతుంది!

పాత అలవాటు ఒకటి ప్రాణం మీదకి కూడా తెస్తుంది. డీజిల్ పైపు ఎక్కడ కారుతోందో వేలితో తడిమి చూడటం చాలామందికి అలవాటు. కామన్ రైల్‌లో పీడనం వెయ్యి బార్ దాటుతుంది. సూది మొనంత కన్నం నుంచి వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది కానీ వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే వేలు పోవచ్చు. ఈ మాట చేరిన మొదటి రోజే చెప్పాలి. మీకు చెప్పారో లేదో అన్నదాన్ని బట్టే ఆ వర్క్‌షాపు ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

టిక్కు మార్కు

కొత్త ట్రాక్టరో, కోత మిషనో కొనేవాళ్లకి అప్పగించే ముందు డీలరు దగ్గర ఒక తనిఖీ జరగాలి. ప్రీ డెలివరీ ఇన్‌స్పెక్షన్, షాపు భాషలో పీడీఐ. దానికో కాగితం ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ మట్టం, గేరు పెట్టె ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్, బ్యాటరీ, చక్రాల నట్ల బిగింపు, బెల్టుల బిగింపు, బ్రేకులు రెండూ సమానంగా పడుతున్నాయా, లైట్లు, పీటీఓ షాఫ్టు మీద రక్షణ కవరు... ఒక్కోదాని పక్కన ఒక చిన్న గడి. చూసి, సరిగా ఉంటే టిక్కు పెట్టాలి. చివర టెక్నీషియన్ సంతకం.

నిజంగా చేస్తే దీనికి గంటలు పడుతుంది. చిన్న విషయాలు కూడా వదలకూడదు. లారీలో వచ్చే ట్రాక్టరు ఊగకుండా ఉండాలని టైర్లలో గాలి తరచూ ఎక్కువ కొట్టి పంపుతారు. అది తగ్గించకుండా ఇచ్చేస్తే చేలో పట్టు దొరకదు, టైరు మధ్యలో అరుగుతుంది. రైతు ఆర్నెల్ల తర్వాత ‘టైర్లు బాగాలేవు’ అని కంపెనీని తిడతాడు. తప్పు మాత్రం ఆ గడిలో టిక్కు పెట్టిన చేతిది.

ఇప్పుడు మంచి ముహూర్తం ఉన్న రోజు ఊహించుకోండి. షోరూం ముందు కొబ్బరికాయలు, పూలదండలు, ఫొటోలు. ఒకే పూట నాలుగు బండ్ల డెలివరీ. యజమాని ‘తొమ్మిదిన్నరకి బండి బయటికి రావాలి, ముహూర్తం దాటిపోతుంది’ అంటాడు. టెక్నీషియన్ పెన్ను తీసి పై నుంచి కింద దాకా ఒకే గీతలో టిక్కులు పెట్టేస్తాడు. ఏ ఊరి షోరూమని కాదు, ఇది ఈ వ్యాపారానికంతటికీ ఉన్న జబ్బు. అందులో ఆ కుర్రాడు చెడ్డవాడు కాదు. అతనికి దానికి సమయం ఇవ్వలేదు, చూసినందుకు డబ్బూ ఇవ్వలేదు.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చేరాక ఏడాదికి గానీ ఇది అర్థం కాదు. వర్క్‌షాపుకి ఆదాయం మూడు దారుల్లో వస్తుంది. కస్టమర్ డబ్బిచ్చే పని, స్పేర్ పార్టుల అమ్మకం, వారంటీలో కంపెనీ ఇచ్చే సొమ్ము. వారంటీ పనికి కంపెనీ ఇంత సమయం, ఇంత కూలి అని ముందే లెక్క కట్టి ఉంచుతుంది. పార్టు మార్చే సమయానికి లెక్క ఉంటుంది. జబ్బు ఏంటో కనిపెట్టడానికి పట్టిన రెండు గంటలకి మాత్రం చాలాసార్లు సరైన లెక్క ఉండదు. ఫ్రీ సర్వీసులదీ దాదాపు అంతే. దాంతో వర్క్‌షాపులో ఒక అలవాటు పుడుతుంది. వెతకడం కన్నా మార్చడం నయం. లిఫ్టు లేవట్లేదా? పంపు మార్చెయ్. మారుస్తారు. అయినా లేవదు. అసలు కారణం హైడ్రాలిక్ ఆయిల్ జాలీ మట్టితో మూసుకుపోవడం. విప్పి కడిగితే అయిపోయేది. వారంటీ దాటిన బండైతే ఆ పంపు ఖరీదు రైతు నెత్తిన పడుతుంది.

మన డెల్టాలో తనిఖీకి ఇంకో ప్రత్యేకత ఉంది. దమ్ము. ఇనప చక్రాలు తగిలించి మోకాలి లోతు బురదలో గంటల తరబడి తిరిగే ట్రాక్టరు, మెట్ట ప్రాంతంలో దున్నే ట్రాక్టరు ఒకటి కాదు. బురద నీళ్లు ఇరుసు సీళ్లలోంచి లోపలికి దూరతాయి. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే తెల్లగా, మజ్జిగలా అవుతుంది. ప్లగ్గు విప్పి రెండు చుక్కలు వేలి మీద చూస్తే తెలిసిపోయే విషయం ఇది. చూడకుండా టిక్కు పెడితే మాత్రం వచ్చే సీజన్‌లో బేరింగులు, గేర్లు పోతాయి. కంపెనీ పుస్తకంలో ఇన్ని గంటలకి ఆయిల్ మార్చాలని దేశమంతటికీ ఒకే అంకె ఉంటుంది. దమ్ము చేసిన బండికి అంతకంటే ముందే చూడాలని చెప్పగలిగినవాడే ఈ ప్రాంతపు టెక్నీషియన్. అది మాన్యువల్‌లో దొరకదు, ఇక్కడ పని చేస్తేనే తెలుస్తుంది. కాకినాడ జేఎన్‌టీయూ పట్టా ఉన్నా, కోటిపల్లి బురద తెలియకపోతే సగమే తెలిసినట్టు.

అమెరికాలోనూ ఇదే గోల

ఇది మన పల్లెల వెనకబాటుతనం అనుకుంటే పొరపాటు. అమెరికాలో ఆర్‌వీలని ఉంటాయి, చక్రాల మీద ఇళ్లు. లోపలే మంచం, వంటగది, బాత్రూం. సెలవుల్లో కుటుంబమంతా అందులో తిరుగుతారు. కరోనా తర్వాత వాటికి గిరాకీ విపరీతంగా పెరిగి 2021లో కంపెనీలు 6 లక్షలకు పైగా బండ్లు డీలర్లకు పంపాయి. 2023కి అది దాదాపు సగానికి పడిపోయింది. అమ్మిన బండ్లు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి కదా, వాటికి రిపేర్లు వస్తాయి. చూసేవాళ్లు చాలరు. బండి డీలరు దగ్గర వదిలితే వారాలు, ఒక్కోసారి నెలలు. సెలవులు అయిపోతాయి, బండి షెడ్డులోనే ఉంటుంది. దీన్ని కొలవడానికి వాళ్లొక లెక్క పెట్టుకున్నారు. బండి లోపలికి వచ్చిన రోజు నుంచి బాగై బయటికి వెళ్లే రోజు దాకా ఎన్ని రోజులు అని. టెక్నీషియన్లు తగినంత మంది లేరని గ్రహించి, ఆ పరిశ్రమ సంఘమే ఇండియానా రాష్ట్రం ఎల్క్‌హార్ట్‌లో ఆర్‌వీ టెక్నికల్ ఇనిస్టిట్యూట్ అనే శిక్షణ సంస్థ పెట్టింది. కొనేవాడి తరఫున బండిని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లకి వేరే సంఘం, వేరే సర్టిఫికెట్ ఉన్నాయి.

నాకు నచ్చింది ఆ చివరి మాటే. అమ్మేవాడి మనిషి ‘బాగుంది’ అంటే చాలదని, కొనేవాడు తన మనిషిని తెచ్చుకుంటున్నాడు. అంటే చూడటం అనేదే ఒక వృత్తి అయింది. మన దగ్గర పాత ట్రాక్టరు కొనేటప్పుడు రైతు తెలిసిన మేస్త్రీని బతిమాలి తీసుకెళ్తాడు, టీ తాగించి పంపిస్తాడు. దానికి ఒక ఫీజు, ఒక రాతపూర్వక నివేదిక, ఒక సంతకం ఉంటే? ఊళ్లో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకి అదొక ఉపాధి కావచ్చు. ఇంకా అలా ఎవరూ మొదలుపెట్టకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

ఆర్‌వీలు మనకెందుకు అనుకోకండి. కేరళ 2021లో కారవాన్ టూరిజం విధానం తెచ్చింది. మన దిండిలో హౌస్‌బోట్లు తిరుగుతున్నాయి. ఇంజిన్, జనరేటర్, ఏసీ, నీళ్ల పంపు, వంటగ్యాస్ అన్నీ ఒకే చోట ఉన్న యంత్రం అది కూడా. ఒక్కో పనికి ఒక్కో మనిషిని పిలిస్తే రోజు గడిచిపోతుంది. అన్నీ కొంత కొంత తెలిసి, ఒకటి రెండు లోతుగా తెలిసినవాళ్లు కావాలి.

మీకు దారులేమిటి?

పదో తరగతి అర్హతతో ఐటీఐలో ట్రాక్టర్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సులు. మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్, మెకానికల్ డిప్లొమాలు. 1961 అప్రెంటిస్ చట్టం కింద వర్క్‌షాపుల్లో శిక్షణ తీసుకోవచ్చు. 2019లో సవరించిన నిబంధనల్లో చదువును బట్టి నెలకి కనీసం రూ.5 వేల నుంచి రూ.9 వేల దాకా స్టైపెండ్ నిర్ణయించారు. డిగ్రీ, డిప్లొమా వాళ్లకి నాట్స్, మిగతావాళ్లకి నాప్స్ అనే పథకాలున్నాయి, రెండింట్లోనూ స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. దక్షిణాది మొత్తానికీ అదే. యంత్రాల వాడకం, నిర్వహణపై అక్కడ శిక్షణ ఇస్తారు, మార్కెట్లోకి వచ్చే యంత్రాలను పరీక్షిస్తారు కూడా. ట్రాక్టర్లు, కోత మిషన్లు ఇంతగా నడిచే గోదావరి డెల్టా నుంచి అక్కడికి ఒక రాత్రి ప్రయాణం. రాజమహేంద్రవరంలోనో కాకినాడలోనో అలాంటిది ఒకటి ఉండాలని అడగడానికి మనకి హక్కుంది, అడిగేవాళ్లే లేరు.

ఐటీఐ చదువు మీద నాకొక ఫిర్యాదుంది. పనికిరాని చదువని కాదు. ఇంజిన్ విప్పడం, కొలవడం, మళ్లీ బిగించడం అక్కడ చక్కగా నేర్పే మాస్టార్లున్నారు. కానీ చాలాచోట్ల ప్రాక్టికల్ ఇంజిన్ పాతది. బయట షోరూంలో ఈసీయూ ఉన్న ట్రాక్టరు, లోపల బెంచీ మీద దశాబ్దాల కిందటి పంపు. ఆ తేడా పూడ్చాల్సింది డీలర్లూ కంపెనీలే. కంపెనీలు తమ శిక్షణ కేంద్రాల్లో కొద్ది రోజుల క్లాసులు పెడతాయి. డీలరు పంపితేనే వెళ్లగలరు. సీజన్‌లో పంపితే పని ఆగుతుంది, సీజన్ లేనప్పుడు పంపితే ఖర్చు దండగ అనుకుంటాడు. అన్నిటికీ మించి, ‘నేర్పిస్తే పక్క షోరూంకి పోతాడు’ అని భయం.

ఆ భయం పూర్తిగా అబద్ధం కాదు, పోతారు. గల్ఫ్‌కీ పోతారు. కానీ నేర్పకుండా ఉంచుకున్న మనిషి వల్ల జరిగే నష్టం ఏ లెక్కలోనూ కనపడదు కాబట్టి యజమానికి అది తెలియదు. మార్చక్కర్లేని పంపులు, రెండోసారి తిరిగొచ్చిన బండ్లు, వేరే కంపెనీకి మారిపోయిన రైతులు. మనిషిని కట్టిపడేయడానికి కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు. అలా అడిగితే ఇవ్వకండి. జిరాక్సులు ఇవ్వండి. నేర్పిన మనిషి ఉండాలంటే జీతం పెంచాలి, బీరువా తాళం కాదు.

డిగ్రీ వాళ్లకీ పనుంది

బీకాం, బీఎస్సీ చదివినవాళ్లు ఇక్కడి దాకా చదివి ‘మాకేం సంబంధం’ అనుకోవచ్చు. వర్క్‌షాపులో అన్నిటికన్నా బలహీనమైన కుర్చీ మీలాంటివాళ్ల కోసమే ఉంది. సర్వీస్ అడ్వైజర్. రైతు వచ్చి ‘బండి లాగట్లేదు బాబూ’ అంటాడు. ఆ ఒక్క మాటకి పది అర్థాలు. గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండొచ్చు, క్లచ్ జారుతుండొచ్చు, డీజిల్‌లో నీళ్లుండొచ్చు. అడ్వైజర్ జాబ్‌కార్డు మీద ‘లో పికప్’ అని రాసి లోపలికి పంపేస్తే, మెకానిక్ చీకట్లో వెతకడం మొదలుపెడతాడు. అదే, ‘ఎప్పుడు లాగట్లేదు బాబాయ్‌గారూ? దమ్ములోనా, రోడ్డు మీదా? లోడున్నప్పుడేనా? పొగ నల్లగా వస్తోందా, తెల్లగానా? ఎన్నాళ్ల నుంచి? ఈ మధ్య డీజిల్ డబ్బాలో తెచ్చి పోశారా?’ అని అడిగితే సగం జబ్బు అక్కడే తేలిపోతుంది. ఇంజిన్ విప్పడం రాకపోయినా ఇది నేర్చుకోవచ్చు. రైతు మాటని రైతు మాటలోనే రాయడం కూడా ఒక నైపుణ్యమే. మన యాస వచ్చినవాళ్లు, మన పొలం తెలిసినవాళ్లు దీనికి పనికొచ్చినట్టు బయటి నుంచి వచ్చినవాళ్లు రారు.

వారంటీ క్లెయిముల పని ఇంకోటి. ఫొటోలు, అవర్ మీటర్ రీడింగు, పాడైన పార్టు, రాత. ఏ ఒక్కటి తప్పినా కంపెనీ డబ్బివ్వదు, డీలరు ఆ నష్టాన్ని చివరికి ఎవరి మీదో వేస్తాడు. స్పేర్ పార్టుల స్టాకు మరొకటి. కోతలకి ముందు ఏ బెల్టులు, ఏ బేరింగులు ఎన్ని తెచ్చి పెట్టుకోవాలో పోయిన సీజన్ లెక్కలు చూసి చెప్పగలిగితే చాలు, చేలో ఆగిన మిషన్లలో కొన్ని సాయంత్రానికే కదులుతాయి. కామర్స్ చదివిన అమ్మాయిలు ఈ పనుల్లో ఎందుకు తక్కువగా ఉన్నారో నాకు అర్థం కాదు. నిజానికి అర్థమవుతుంది. చాలా వర్క్‌షాపుల్లో ఆడవాళ్లకి సరైన మరుగుదొడ్డి కూడా ఉండదు. ముందు అది కట్టమనాలి.

ప్రభుత్వ తనిఖీల వైపు కూడా ఒక కన్నేసి ఉంచండి. రవాణా వాహనాలకి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉండాలి. దాన్ని మనిషి కంటిచూపు నుంచి యంత్రానికి మార్చాలని కేంద్రం 2021లో ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్ల నిబంధనలు తెచ్చింది. పెద్ద వాహనాలకి తప్పనిసరి చేసే గడువు 2023 ఏప్రిల్ నుంచి 2024 అక్టోబరుకి జరిగింది. బ్రేకు ఎంత బలంగా పడుతోందో రోలర్ల మీద యంత్రమే కొలుస్తుంది. అయినా బండి కింద తుప్పు, స్టీరింగు ఆట, కారుతున్న పైపు చూడటానికి మనిషి కావాలి. అక్కడా సంతకం ఉంటుంది.

సంతకం అని పదే పదే అంటున్నానంటే కారణముంది. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం తయారుచేసినవాళ్లతో, అమ్మినవాళ్లతో ఆగలేదు. సర్వీసు చేసినవాళ్లనీ బాధ్యతలోకి తెచ్చింది. సర్వీసులో లోపం వల్ల నష్టం జరిగితే పరిహారం అడగొచ్చు. కేసు వర్క్‌షాపు మీదే వేస్తారు నిజమే, కానీ ముందు తీసి చూపించే కాగితం జాబ్‌కార్డు. దాని కింద ఉండేది మీ పేరు. పీటీఓ షాఫ్టు కవరు లేకుండా బయటికి వెళ్లిన ట్రాక్టరుకి ఎవరి పంచె కొసో చున్నీనో చుట్టుకుంటే, ‘కవరు సరిగా ఉంది’ అన్న గడిలో టిక్కు ఎవరిదని అడుగుతారు. యజమాని తొందరపెట్టాడని అప్పుడు చెప్పుకుంటే వినేవాళ్లుండరు. చూడని గడి ఖాళీగా వదలండి. ‘సమయం లేక చూడలేదు’ అని పక్కన రాయండి. ఒకటి రెండుసార్లు తిట్లు పడతాయి. మూడోసారి ఆ ఖాళీ గడి వల్లే డెలివరీ గంట వెనక్కి జరుగుతుంది. ఒకవేళ ఖాళీ గడి వదిలినందుకు ఉద్యోగమే పోయేలా ఉంటే, ఆ వర్క్‌షాపులో మీరు నేర్చుకునేదీ ఏమీ లేదు.

అందుకే ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడగకండి. మొదటి ఏడాది నన్ను ఏ శిక్షణకి, ఎన్ని రోజులు పంపిస్తారు? స్కానర్ ఎన్ని ఉన్నాయి, అది ముట్టుకునే అవకాశం నాకు ఎప్పటికి వస్తుంది? ఇన్సెంటివ్ దేని మీద, ఎక్కువ పార్టులు మార్చినందుకా, లేక బండి తిరిగి రానందుకా? పీడీఐకి ఎంత సమయం ఇస్తారు? ఎవరి దగ్గర పని నేర్చుకుంటాను, ఆయన్ని ఒకసారి కలవొచ్చా? చేలో పనికి వెళ్తే బండి ఖర్చు, భోజనం, ప్రమాద బీమా ఎవరిది? ఈ ప్రశ్నలకి మేనేజర్ విసుక్కుంటే అదీ ఒక జవాబే. విసుక్కోకుండా లోపలికి తీసుకెళ్లి బేలు చూపించి, పాత మేస్త్రీని పరిచయం చేస్తే, జీతం వెయ్యి తక్కువైనా ఆలోచించండి. ఆ మేస్త్రీ దగ్గర చెవి నేర్చుకోండి. స్కానర్ ఆయనకి మీరు నేర్పండి. ఇద్దరూ కలిస్తేనే పూర్తి టెక్నీషియన్ తయారవుతాడు. ఇప్పుడున్న వర్క్‌షాపుల్లో ఈ ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకుంటూ గడిపేస్తున్నారు.

డీలర్లకీ ఒక మాట, వాళ్లూ ఈ పేజీ చూస్తారని ఆశ. ఎల్క్‌హార్ట్‌వాళ్ల లెక్క మీరూ పెట్టండి. బండి ఆగిందని ఫోన్ వచ్చిన గంట, మళ్లీ కదిలిన గంట. ఆ రెండూ ఒక బోర్డు మీద రాసి, కస్టమర్లకి కనపడేలా షోరూంలో పెట్టండి. ఏ నెలలో ఎన్ని బండ్లు అమ్మారో రాసిన బోర్డు ఇప్పటికే ఉంది కదా, దాని పక్కనే.

కాలవలకి నీళ్లు వదిలేది జూన్‌లో. దమ్ములు మొదలయ్యేలోగా, మే నెలంతా ట్రాక్టర్లు ఓవర్‌హాలింగ్‌కి వర్క్‌షాపుల ముందు వరస కడతాయి. చేతులు చాలక యజమానులు మనుషుల కోసం వెతికేది అప్పుడే. మీ పరీక్షలూ అప్పటికి అయిపోతాయి. రామచంద్రపురమో, మండపేటో, అమలాపురమో వెళ్లి రెండు మూడు షోరూంల సర్వీసు మేనేజర్లని కలిసి, జీతం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు పది రోజులు చూడనివ్వండి అని అడగండి. పొద్దున్న వర్క్‌షాపు తెరవగానే వెళ్లాలి. పదింటికి వెళ్తే అందరూ ఏదో ఒక బండి కింద ఉంటారు, మాట్లాడేవాళ్లు దొరకరు.